మూడు లక్షల కళ్లజోడు

ఈ ఏడు మన హాస్టల్లో మెస్ బిల్లు కంటే, బస్సు పాసుల కంటే ఎక్కువ వాదోపవాదాలకు కారణమైన వస్తువు ఒకటి వుంది. అది వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్. యూనియన్ నిధిలో మిగిలిన సొమ్ముతో మంచి ఖరీదైనది ఒకటి కొని తీరాలని ఒక వర్గం. ఆ సొమ్ముతో లైబ్రరీకి పుస్తకాలు తెప్పిస్తే నాలుగు బ్యాచీలు చదువుకుంటాయని ఇంకో వర్గం. ఇది చాలదన్నట్టు, కంతుల మీద సొంతానికే కొనుక్కోవాలని ఉబలాటపడుతున్న మిత్రులు నాకు తెలిసి నలుగురైదుగురున్నారు. సావనీరుకు వ్యాసం అడిగారు గనుక నా మాట దాపరికం లేకుండా చెబుతాను. సొంతానికి ఖరీదైన హెడ్‌సెట్ కొనడం దండగ. కాలేజీకి చవకరకం ఒకటి కొనడం దండగ కాదు, అయితే దానికొక షరతు వుంది.

ముందు ఆ వస్తువు సంగతి చూద్దాం. మన రెండు కళ్లూ ఒకే వస్తువును కొంచెం తేడాగా చూస్తాయి. ఆ తేడాలోంచే మెదడు లోతును గ్రహిస్తుంది. 1838లోనే ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ రెండు బొమ్మలూ రెండు అద్దాలతో ఈ కిటుకును చేసి చూపించాడు. తల తిప్పితే బొమ్మ కూడా తిరగాలి కదా, ఆ పని 1968లో అమెరికాలో ఐవన్ సదర్లాండ్ చేశాడు. ఆ యంత్రాన్ని ఇంటికప్పు నుంచి వేలాడదీయవలసి వచ్చింది. ఆ తర్వాత 2012లో, ఇరవై ఏళ్లు కూడా నిండని పామర్ లక్కీ అనే కుర్రవాడు ఓక్యులస్ పేరుతో దాన్ని మళ్లీ బజారుకు తెచ్చాడు. 2014లో ఆ కంపెనీని ఫేస్‌బుక్ సుమారు 200 కోట్ల డాలర్లకు కొన్నది. అంటే ఇది నిన్న మొన్న ఆకాశం నుంచి ఊడిపడిన వింత కాదు. పాత కిటుకే, తెరలు, సెన్సార్లు, చిప్పులు సెల్‌ఫోన్ల పుణ్యమా అని చవకపడి చిన్నవయినాయి, అంతే.

ఇక మాయ అంటారా, మన జిల్లావాళ్లకు మాయ కొత్తేమీ కాదు. పులివెందులకు ఆ పక్క, చక్రాయపేట మండలంలో సురభి అనే పల్లె వుంది. తోలుబొమ్మలు ఆడించుకుని బతికే వనారస కుటుంబం 1885లో ఆ పల్లెలోనే ‘కీచక వధ’ ఆడింది. బొమ్మల్ని పక్కన పెట్టి మనుషులే వేషం కట్టిన ఆ ఆట నుంచే సురభి నాటకసమాజాలు పుట్టాయి. ఘటోత్కచుడు లేచి ఎగరడం, లడ్లు వాటంతటవే నోట్లోకి పోవడం, రెప్పపాటులో కోట పోయి అడవి రావడం - ఇవన్నీ తీగలతో, తెరలతో, దీపాలతో చేసి చూపించారు. పదిమంది చెమటోడిస్తే ఊరంతా ఒకేసారి నోరు తెరిచి చూసేది. హెడ్‌సెట్ మాయ అట్ల కాదు. డబ్బు పెట్టినవాడు ఒక్కడే చూస్తాడు. చుట్టూ వున్నవాళ్లకు కనిపించేది గాలిలో చేతులు తిప్పుతున్న ఒక మనిషి మాత్రమే. నవ్వులాటకు అనడం లేదు. మూడు లక్షలు పెట్టి ఒక్కడే చూసే మాయసభ, నలుగురు కూర్చునే హాస్టల్ గదిలో ఎంతవరకు సబబు అన్నది ఆలోచించవలసిన విషయమే.

మూడు లక్షలన్నది నోటిమాట కాదు. ఆపిల్ వారి విజన్ ప్రో 2024 ఫిబ్రవరి 2న అమెరికాలో అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర 3,499 డాలర్లు. మన రూపాయల్లో మూడు లక్షల దగ్గర. కళ్లజోడు వాడేవాళ్లు దానికి సరిపడే లెన్సులు మళ్లీ వేరే కొనాలి. మెటా వారి క్వెస్ట్ 3, 2023 అక్టోబరులో 499 డాలర్లకు వచ్చింది. చవకరకం క్వెస్ట్ 3ఎస్, 2024 అక్టోబరులో 299 డాలర్లకు వచ్చింది. సుంకాలూ పన్నులూ కలుపుకుంటే ఇక్కడికి చేరేసరికి ఇంకా పైనే.

ప్రొద్దుటూరు వాళ్లం గనుక ధర అనగానే మాకు బంగారం లెక్కే గుర్తుకొస్తుంది. మా బజారులో ఏ అమ్మ నగ కొన్నా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘రేపు కష్టమొచ్చి అమ్మితే ఎంత వస్తుంది?’ తరుగు పోతుంది, మజూరీ పోతుంది, అయినా బంగారం బంగారంగానే వుంటుంది. హెడ్‌సెట్‌ను ఆ గీటురాయి మీద గీసి చూడండి. 2019 మేలో వచ్చిన మొదటి క్వెస్ట్‌కు 2023లో కొత్త సదుపాయాలు ఆపేశారు, 2024లో భద్రతా సవరణలూ ఆపేశారు. గూగుల్ డేడ్రీమ్‌ను 2019లోనే చాలించుకున్నది. మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ 2, 2019లో 3,500 డాలర్లు పలికిన వస్తువు, 2024లో తయారీ నిలిచిపోయింది. అదే సంవత్సరం విండోస్ కొత్త కూర్పులో మిక్స్‌డ్ రియాలిటీ సౌకర్యాన్నే తీసేయడంతో, ఆ కూర్పులోకి మారినవాళ్ల హెడ్‌సెట్లు అద్దం పగలకుండా, వైరు తెగకుండానే మూలన పడ్డాయి. వస్తువు మన బీరువాలోనే వుంటుంది, ప్రాణం మాత్రం ఎక్కడో వాళ్ల చేతుల్లో వుంటుంది. మాంత్రికుడి ప్రాణం చిలకలో వున్నట్టు!

శరీరం సంగతి కూడా చెప్పుకోవాలి. క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు. విజన్ ప్రో 600 పైచిలుకు, బ్యాటరీ కాకుండా. ఏప్రిల్ నెలలో జమ్మలమడుగు ఎండకు ముఖానికి గుడ్డ కట్టుకుంటేనే ఊపిరాడదు, అరకిలో తూకం ఎవరు కట్టుకుంటారు? చార్జింగు రెండు గంటలు వస్తే గొప్ప. పైగా కంటికి ఒక ఇబ్బంది వుంది. తెరమీద కొండ దూరంగా కనిపిస్తుంది, పుస్తకం దగ్గరగా కనిపిస్తుంది. కానీ లెన్సు బిగించిన దూరం ఎప్పుడూ ఒక్కటే. రెండు కళ్లూ ఒక దూరానికి కలుస్తాయి, చూపు ఇంకో దూరానికి నిలుస్తుంది. ఈ పెనుగులాటకే కళ్లు అలసిపోతాయి. కన్ను ‘కదులుతున్నాం’ అంటుంది, లోపలి చెవి ‘లేదు, కూర్చునే వున్నాం’ అంటుంది. పులివెందుల నుంచి కదిరి పోయే బస్సులో పుస్తకం తెరిచి చదివినవాళ్లకు ఆ కడుపు తిప్పడం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

అరటితోట వున్న పులివెందుల మిత్రుడొకడు నాతో అన్నాడు: ‘‘గెలలు అమ్మినాక దుడ్లు వస్తాయి, మా నాయన్ను అడిగి కొంటాన్రా.’’

‘‘యేం చేస్తావప్పా దాంతో?’’ అన్నాను.

‘‘ఇంటర్వ్యూలో చెప్పుకోవచ్చు. రేపంతా అదే కదా.’’

ఈ మాట చాలామంది మనసులో వుంది. అందుకే జవాబు చెప్పాలి. హెడ్‌సెట్ తన దగ్గర వుందని చెప్పేవాడిని ఎవరూ ఉద్యోగంలోకి తీసుకోరు. దానికి పనికొచ్చేది ఒకటి తయారుచేసి చూపించేవాడిని అడుగుతారు. ఆ తయారీకి బ్లెండర్ వుంది, ఉచితం. నమూనాలు గీయడం, ప్రోగ్రాము రాయడం అంతా మామూలు కంప్యూటరు మీద జరిగేదే. తలకు తగిలించుకుని చూడవలసింది చివర్న పరీక్షించేటప్పుడే. దానికి ఇరవైమందికి ఒకటి చాలు. మొదలుపెట్టేవాళ్లకు అదీ అక్కరలేదు. 2014లో గూగుల్ అట్టపెట్టె హెడ్‌సెట్ ఒకటి తెచ్చింది. 2021లో అమ్మడం మానేసినా దాని నమూనా, సాఫ్ట్‌వేరు అంతకు ముందే అందరికీ ఇచ్చేసింది. అట్ట, రెండు లెన్సులు, చేతిలోని ఫోను - అంతే. అందులో తల తిప్పి చూడగలం గాని నాలుగడుగులు నడిచి చూడలేం. ఆ లోపం నిజమే. అయినా నేర్చుకోవడానికి అది అడ్డం కాదు. అరటి గెలలు కోసి అమ్మిన నాయన డబ్బును అక్కడిదాకా తీసుకుపోవలసిన పని లేదు.

అయితే ఈ విద్యే పనికిమాలినదని వాదించే లైబ్రరీ పక్షం వాళ్లతో నేను ఏకీభవించను. 2002లో అమెరికాలోని యేల్ వైద్యులు ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. పిత్తాశయం ఆపరేషన్‌ను వర్చువల్ రియాలిటీలో సాధన చేసిన పీజీ డాక్టర్లు, చేయనివారి కంటే ఆ కోత పనిని 29 శాతం వేగంగా చేశారు. తప్పులు ఆరోవంతుకు తగ్గాయి. ఇందులో తమాషా ఏమంటే, వాళ్లు వాడినదానికి అసలు హెడ్‌సెట్టే లేదు. ఒక తెర, చేతికి రెండు పిడులు, అంతే! మేలు చేసింది సాధన, తలకు తగిలించుకున్న సరుకు కాదు.

ఎక్కడ పొరపాటు చేస్తే ప్రాణం పోతుందో, ఎక్కడికి అందర్నీ తీసుకుపోవడం కుదరదో అక్కడ ఇది అక్కరకొస్తుంది. మన చుట్టూనే చూడండి. తుమ్మలపల్లెలో యురేనియం గని వుంది. కలమల్ల దగ్గర థర్మల్ కేంద్రం వుంది. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. గనిలో పొగ కమ్మితే ఎటు పోవాలి, హై వోల్టేజి స్విచ్చి దగ్గర ఏ చెయ్యి ముందు కదలాలి - ఇవి తప్పు చేసి నేర్చుకునే పాఠాలు కావు. రేపు మనలో కొందరు చేరేది అక్కడే. మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకు అట్లాంటి పాఠం ఒకటి మనమే తయారుచేస్తే నాకు సంతోషం.

దానికి ముందు చేతికందేది ఇంకొకటి వుంది. గండికోట. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. బస్సెక్కి పోగలిగినవాడికి హెడ్‌సెట్లో గండికోట చూపించడమంటే అన్నం ముందు పెట్టుకుని అన్నం ఫోటో చూడమన్నట్టు. పెన్న లోయ అంచున నిలబడితే తగిలే గాలి ఏ పెట్టెలోనూ రాదు. కానీ ఆ రాళ్లలో నడవలేని మా జేజి లాంటి వాళ్లున్నారు, మోకాళ్లు పట్టేసి ఊరు దాటలేనివాళ్లు. మాధవరాయ ఆలయాన్ని వాళ్లకు ఇంట్లో కూర్చోబెట్టి చూపించగలిగితే అది పని.

నా షరతు ఇదే. ముందు పని, తర్వాత కొనుగోలు. ఏదో ఒక బృందం ఫోను మీద, అట్టపెట్టెలో నడిచే నమూనా ఒకటి తయారుచేసి సెమినార్ హాల్లో అందరికీ చూపించాలి. అది నిలబడితే యూనియన్ చవకరకం హెడ్‌సెట్ ఒకటే కొనాలి, రిజిస్టరు పెట్టి లైబ్రరీ పుస్తకంలా ఇవ్వాలి, హెచ్.ఓ.డి. గారి బీరువాలో తాళం వేసి పెట్టకూడదు. నిలబడకపోతే ఆ సొమ్ము పుస్తకాలకే పోనీయండి, నాకు అభ్యంతరం లేదు. కోట పురావస్తు శాఖ రక్షణలో వుంది గనుక అనుమతి కోసం అర్జీ రాసి పెట్టాం. ధాన్యాగారం కొలతలతో సెలవుల్లో మొదలుపెడదామని నేనూ, సివిల్ మిత్రులిద్దరూ పేర్లిచ్చాం. ప్రోగ్రాము రాయగలవాళ్లు ఇంకా ఇద్దరు కావాలి.