పగటి లెక్కే నేర్చుకున్నాం

తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు పోతే చేపల చెరువులో ఏం జరుగుతుందో కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు ఏ పిల్లాణ్ని అడిగినా చెబుతాడు. నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి. శీలావతి, బొచ్చె నోళ్లు తెరుచుకుని పైకి వస్తాయి. జనరేటరు వేళకు అందుకోకపోతే తెల్లారేసరికి చెరువు నిండా తెల్లటి పొట్టలే. తప్పెవరిదని అడిగి చూడండి, మా జవాబు సిద్ధం: కరెంటోళ్లది, ముసురుది, సీడుది, మేత కంపెనీది. దశాబ్దాలుగా చేపల మీద బతుకుతున్న డెల్టావాళ్లం మేం. ఆ పద్దులో మా పేరు మాత్రం ఎన్నడూ రాసుకోలేదు.

అసలు నీటిలో ఆక్సిజన్ ఎంతని? లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాములు ఉంటే, 30 డిగ్రీల వేడి నీరు గాలి నుంచి తనంతట తాను పట్టుకోగలిగేది లీటరుకు ఏడున్నర. పైగా కదలని నీటిలో ఆక్సిజన్ పాకే వేగం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. అందుకే నిలవ నీటికి ఊపిరి పోసేది చాలావరకు అందులోని పచ్చదనమే: కంటికి కనపడని నాచు కణాలు, అడుగున పెరిగే నీటిమొక్కలు. ఎండ ఉన్నంతసేపూ అవి నీటిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుని ఆక్సిజన్ వదులుతాయి. చేప మొప్పలు దాన్ని అందుకుని, బొగ్గుపులుసు వాయువును తిరిగి నీటికే ఇస్తాయి. మధ్యాహ్నం మూడింటికి మా చెరువులో మీటరు ముంచితే 12, 15 మిల్లీగ్రాములు కూడా చూపిస్తుంది. ‘డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) బ్రహ్మాండం’ అనుకుని భోజనానికి ఇంటికెళ్లిపోతాం.

పొద్దు గూకాక ఆ పచ్చదనం ఇవ్వడం మానేస్తుంది. పీల్చడం మానదు. పగలూ పీలుస్తూనే ఉంది, ఇచ్చింది ఎక్కువ కాబట్టి మాకు కనపడలేదు. మేం వినడానికి ఇష్టపడని సంగతి ఇంకొకటుంది. ఎరువు బాగా వేసిన చెరువులో రాత్రంతా ఖర్చయ్యే ఆక్సిజన్‌లో పెద్ద వాటా చేపలది కాదు. నీటిలోని నాచుది, బ్యాక్టీరియాది, అడుగు బురదది. చేపలు తాగేది వాటికంటే తక్కువే. తెల్లవారేసరికి రెండు మిల్లీగ్రాములకు దిగితే చేప మేత ముట్టదు, ఒకటికి చేరువైతే పైకి తేలుతుంది. అంటే మా చేపల ఊపిరి తీసింది, మేం పెంచి పోషించిన పచ్చనీళ్లే.

పెంచింది మేమే. ఎకరాలకు ఎకరాలు కోళ్ల ఎరువు దింపాం. యూరియా, సూపర్ ఫాస్ఫేట్ చల్లాం. తవుడు సంచులకు కన్నాలు పెట్టి కర్రలకు వేలాడదీశాం. చేప తిని విసర్జించింది, తినక వదిలేసింది, అంతా మళ్లీ నాచుకే ఎరువైంది. నీళ్లు ఎంత చిక్కగా పచ్చబడితే అంత డబ్బు అనుకున్నాం. ఆ చిక్కదనమే వెలుతురుకు అడ్డం పడుతుంది. పైన ఓ అడుగో అడుగున్నరో మాత్రమే ఆక్సిజన్ తయారవుతుంది, దాని కిందంతా తినేవాళ్లే. మధ్యాహ్నం నాచు బొగ్గుపులుసు వాయువును పూర్తిగా లాగేస్తే నీటి పీహెచ్ తొమ్మిది దాటుతుంది, అప్పుడు అమ్మోనియా విషమవుతుంది. ఇక మూడు రోజులు మబ్బు పట్టిందంటే తయారీ పడిపోతుంది, పీల్చడం సాగుతూనే ఉంటుంది. నాచు ఒక్కుమ్మడిగా చచ్చి కుళ్లితే ఆ కుళ్లు మిగిలింది కూడా తాగేస్తుంది. మేం ముసురును తిట్టాం. శ్రావణంలో మా డెల్టాకు ముసురు కొత్తా?

ఈ లెక్కలో సగం బళ్లోనే నేర్చుకున్నాం. బీకరులో హైడ్రిల్లా, దాని మీద బోర్లించిన గరాటు, దాని మీద పరీక్షనాళిక. ఎండలో పెడితే బుడగలు. నాళికలో నిప్పుపుల్ల పెడితే భగ్గుమంటుంది. రికార్డులో బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకున్నాం. ఆ బీకరును రాత్రి తొమ్మిదింటికి చూసిన తరగతి ఏదైనా ఉందా? మాస్టార్లు అడగలేదు, మేమూ అడగలేదు. ‘మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయి, జంతువులు పీలుస్తాయి’ అన్న వాక్యం అందరికీ హాయిగా ఉంది. 1771లో ఇంగ్లండులో శాస్త్రవేత్త ప్రీస్ట్లీ పుదీనా కొమ్మతో పాడైన గాలిని బాగుచేసి చూపించాడు. ఆ పని ఎండలో, పచ్చటి భాగాలే చేస్తాయని, చీకట్లో మొక్క కూడా జంతువులాగే గాలిని పాడుచేస్తుందని 1779లో ఇంగెన్‌హౌజ్ పుస్తకమే అచ్చేశాడు. రెండున్నర శతాబ్దాల నాటి ఆ పాఠంలో మాకు పనికొచ్చే ముక్కనే ఉంచుకున్నాం.

ఇక కొల్లేరు. ఇక్కడ మా పాపం చెరువు గట్టు దాటింది. లోతు తక్కువ, విస్తీర్ణం ఎక్కువ ఉన్న మంచినీటి సరస్సు అది. గాలి అలలు రేపేది, తేట నీటిలో ఎండ అడుగుదాకా దిగేది, మునిగి పెరిగే మొక్కలు నేరుగా నీటిలోకే ఆక్సిజన్ వదిలేవి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయేది. ఊపిరి తక్కువైన మూలల్లో పైకొచ్చి గాలి పీల్చుకోగల కొర్రమీను బతికేది. ఆ సరస్సుకు మేం గట్లు వేశాం. సొసైటీల పేరున ఇచ్చిన చెరువులు లీజుల మీద ఎవరి చేతుల్లోకి పోయాయో మాకందరికీ తెలుసు, తెలిసీ నోరు మెదపలేదు. చెరువులు ఖాళీ చేసినప్పుడల్లా ఆ ఎరువు నీళ్లు కొల్లేటికే వదిలాం. ఆ బలంతో గుర్రపుడెక్క కమ్ముకుంది. దాని ఆకులు నీటి పైన ఉంటాయి గనుక అది చేసే ఆక్సిజన్ గాలిలోకి పోతుంది. కిందేమో చీకటి, కుళ్లుతున్న వేళ్లు. నీటికి దక్కేది ఆ ఖర్చు మాత్రమే. పైనుంచి చూస్తే ఎంత పచ్చగా ఉంటుందో!

1999లో కొల్లేరును అయిదో కాంటూరు (ఎత్తును చూపే గీత) దాకా అభయారణ్యమన్నారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వం గట్లు పగలగొట్టినప్పుడు మాకు గుండె కోసినట్టయింది. 2008లో హద్దును మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానం చేస్తే సంబరపడ్డాం. పోయిన గట్లలో చాలా మళ్లీ లేచాయి. ఎవరు లేపారు? మేమే, రాత్రిళ్లు.

చెరువుల్లో మాత్రం ఏం చేశాం? ఊపిరాడని గదిలో ఇంకో పదిమందిని దూర్చి విసనకర్రలు కొన్నట్టు, చేపపిల్లల సంఖ్య పెంచి ఏరియేటర్లు బిగించాం. వన్నామి రొయ్య వచ్చాక రాత్రంతా ఆ చక్రాలు తిరగాల్సిందే. చెరువు పట్టగలిగినంతే వదిలితే ఇన్ని చక్రాలు అవసరమేనా అని లెక్క వేయలేదు. యూనిట్ రూపాయిన్నరకు కరెంటు కావాలని ఊరేగింపులు చేశాం, 2019లో సాధించుకున్నాం కూడా. ఎకరానికి ఎన్ని పిల్లలు వదలాలి, ఎంత ఎరువుతో ఆపాలి, మురుగునీటిని ఏటిలోకి వదిలేముందు ఎక్కడ తేర్చాలి అన్నవి అడగడానికి మాత్రం ఏ ఊరేగింపూ తీయలేదు. వాటికి కలెక్టరు సంతకం అక్కర్లేదు, గట్టు మీద మేం కూర్చుని మాట్లాడుకుంటే సరిపోయేది.