పసుపు కల్లం దాకా రావాల్సిన స్టార్టప్‌లు

నిజామాబాద్ జిల్లా ధర్పల్లి మండలంలో ఫిబ్రవరి, మార్చి అంటే పసుపు నెలలే. తవ్విన పంటను కాడి వేరుగా, మండ వేరుగా తీసి, బాయిలర్ ఆవిరిలో ఉడకబెట్టి కల్లంలో పోస్తారు. ఆపైన పది పదిహేను రోజులు ఎండదే భారం. అయిదు కిలోల పచ్చి పసుపు ఎండితే చేతికొచ్చేది సుమారు కిలో. ఈలోగా మబ్బు పట్టిందా, ఇంటిల్లిపాదీ టార్పాలిన్లు పట్టుకుని ఉరుకుడే. తడిసిన కుప్పకు బూజు పడుతుంది, రంగు పోతుంది. నిజామాబాద్ యార్డులో రంగు తగ్గితే ధరా తగ్గుతుంది.

ఉడకబెట్టడానికి యంత్రం వచ్చింది, పాలిష్‌కూ వచ్చింది. ఎండబెట్టడం మాత్రం నేల మీదే ఉండిపోయింది.

ఈ రైతులు తమ గోడు చెప్పుకోనివాళ్లేం కాదు. గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కావాలంటూ 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌ బరిలో దిగినవారే 178 మంది. బోర్డు 2025 జనవరిలో వచ్చింది. కల్లంలో వాన మాటేమిటన్నది అలాగే ఉంది.

హైదరాబాద్ స్టార్టప్‌లకు ఎండబెట్టే ఈ చిక్కు తీర్చడం చేతకాదనలేం. అక్కడే 2015లో మొదలైన ఖేతీ, చిన్న రైతులకు చవక గ్రీన్‌హౌస్ అందించి 2022లో పది లక్షల పౌండ్ల ఎర్త్‌షాట్ బహుమతి గెలిచింది. నీటి వాడకం 90 శాతం తగ్గుతుందనీ, దిగుబడి ఏడు రెట్లు పెరుగుతుందనీ చెప్పే లెక్కలను ఎవరి పొలంలో వాళ్లు తూచి చూసుకోవాల్సిందే. అసలు గట్టితనం గ్రీన్‌హౌస్‌లో లేదు. దానితోపాటే విత్తనం, సలహా, బ్యాంకు రుణం, అమ్మకం దారి కూడా చూపడంలో ఉంది. మరుసటి ఏడాది అదే బహుమతి అందుకున్న మహారాష్ట్ర సంస్థ ఎస్‌ఫోర్‌ఎస్‌దీ ఇదే పద్ధతి: పల్లె మహిళలకు సోలార్ డ్రయ్యర్లు సమకూర్చి, ఎండిన సరుకును తానే కొంటుంది.

పసుపు దగ్గర చిక్కంతా ఇక్కడే. రెండు నెలల పనికోసం ఏ రైతు డ్రయ్యర్ కొంటాడు? కొననక్కర్లేదు కూడా. వానాకాలం కోతల్లో ఇదే జిల్లాలో మక్కలు రోడ్ల మీద తడుస్తాయి. వడ్లలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కొర్రీ పెడతారు. సొసైటీ గానీ రైతు ఉత్పత్తిదారుల సంఘం గానీ కొని కిరాయికి తిప్పితే, ఒకే డ్రయ్యర్‌కు రెండు సీజన్ల పని దొరుకుతుంది. కాకపోతే పసుపునూ ధాన్యాన్నీ రెంటినీ ఎండబెట్టగల డిజైన్ కావాలి. స్టార్టప్‌లు బుర్ర పెట్టాల్సింది అక్కడ. ఇంకో యాప్ ఎవరడిగారు?

పసుపు బోర్డు చేయగలిగిన పని ఒకటుంది. వచ్చే సీజన్లో రెండు మూడు డిజైన్లను ధర్పల్లికి రప్పించాలి. ఒకే రైతు పంటలో సగం కల్లంలో, సగం డ్రయ్యర్లో ఎండబెట్టించి, రెండు రాశులనూ ఒకే రోజు యార్డులో వేలానికి పెట్టించాలి. పలికిన ధరల తేడా ఎంతో, కరెంటుకో డీజిల్‌కో అయిన ఖర్చెంతో యార్డు గేటు దగ్గర బోర్డు మీద రాయించాలి.