చెరువుకు 30 మీటర్లు.. ఫోన్‌ మ్యాప్‌లో ఆ గీతను ఎంత నమ్మొచ్చు?

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు వైపు ప్లాటు చూడటానికి వెళ్లారనుకోండి. బ్రోకర్ ఫోన్ తీసి శాటిలైట్ మ్యాప్‌లో ఒక గీత చూపిస్తాడు. ‘బఫర్ అక్కడితో అయిపోయింది, మన ప్లాటు బయటే’ అంటాడు. ఆ గీత శాటిలైట్ ఫొటో మీద కంప్యూటర్ లెక్కగట్టింది అయితే, డబ్బు కట్టే ముందు ఆ లెక్క ఎలా సాగుతుందో తెలుసుకోండి.

2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల చుట్టూ ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్ల వరకు ఇళ్లు కట్టకూడదు. చిన్న చెరువులు, కుంటలకైతే 9 మీటర్లు. వెయ్యి ఎకరాలు దాటిన పెద్ద చెరువుకు 30 మీటర్ల నిబంధనే వర్తిస్తుంది.

ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఫొటోల్లో ఒక్కో పిక్సెల్ నేల మీద 10 మీటర్ల చదరం. పరారుణ కాంతిని నీరు పీల్చుకుంటుంది కాబట్టి ఆ బ్యాండ్‌లో నల్లగా కనిపిస్తుంది. దాన్నిబట్టి కంప్యూటర్ ఏది నీరో, ఏది కాదో గుర్తిస్తుంది. కానీ గుర్రపుడెక్క కమ్మిన చోట చెరువులో చిల్లులు పడతాయి. బయట నీడలు, తడి పొలాలు నీటి మచ్చల్లా తేలతాయి. వీటిని శుభ్రం చేసేవే మార్ఫాలజికల్ ఫిల్టర్లు. 1960ల్లో ఫ్రాన్స్‌లో మాథెరాన్, సెర్రా అనే ఇద్దరు వీటికి పునాది వేశారు. అప్పట్లో వాళ్లు చూస్తున్నది చెరువులను కాదు, ఇనుప ఖనిజాన్ని!

ప్రతి పిక్సెల్‌కు దగ్గరి నీరు ఎంత దూరంలో ఉందో లెక్కేసి, 30 మీటర్ల లోపువన్నీ రంగు వేస్తే బఫర్ వస్తుంది. వినడానికి తేలికే. కానీ ‘దూరం’ అంటే ఏమిటి? చదరంగంలో రాజు నడిచినట్టు మూలలకు కూడా ఒక్క అడుగే అని లెక్కేస్తే, మూడు అడుగులు నేరుగా 30 మీటర్లు, మూలగా 42 మీటర్లు. నాలుగు దిక్కులకే కదలాలంటే మూలగా వచ్చేది 21 మీటర్లే. సరైనది టేపు పెట్టినట్టు కొలిచే సరళరేఖ దూరం. ఈ తేడాలు చిన్నవేం కాదు. 12 మీటర్లంటే దాదాపు 40 అడుగులు, 200 గజాల ప్లాటు వెడల్పు కన్నా ఎక్కువ.

మచ్చలు తుడిచే ఫిల్టర్‌తో ఇంకో చిక్కు ఉంది. అది సన్నటివాటిని కూడా తుడిచేస్తుంది. 20 మీటర్ల వాగు ఫొటోలో రెండు పిక్సెళ్లే. మూడు పిక్సెళ్ల ఫిల్టర్ వేస్తే మ్యాప్‌లో వాగే ఉండదు. నేల మీద మాత్రం ఉంటుంది, 10 మీటర్లు దాటిన వాగుకు విడిగా 9 మీటర్ల బఫర్ కూడా ఉంటుంది.

వీటన్నిటికన్నా పెద్ద పొరపాటు మొదటి అడుగులోనే జరుగుతుంది. ఫొటోలో కనిపించేది ఆ రోజున్న నీరు. ఎఫ్‌టీఎల్ అంటే అలుగు మట్టం వరకు చెరువు నిండితే నీరు నిలిచే హద్దు. కట్ట వైపు ఈ రెంటికీ తేడా కొద్దిగానే ఉండొచ్చు. ఎగువన చదునుగా ఉండే శిఖం భూముల్లో మాత్రం మట్టం ఒక్క మీటరు పెరిగినా నీరు చాలా దూరం పాకుతుంది. వేసవి ఫొటో నుంచి 30 మీటర్లు కొలిస్తే, ఎంత మంచి ఫిల్టర్ వేసినా ఆ గీత చెరువులోనే పడుతుంది.

‘హైడ్రా పరిధి ఓఆర్‌ఆర్ వరకే, మనం బయట ఉన్నాం’ అనే మాట కూడా మీకు వినిపించవచ్చు. 2024లో ఏర్పాటైనప్పుడు హైడ్రా పరిధి అంతవరకే, నిజమే. బఫర్ నిబంధన దానికి పన్నెండేళ్ల ముందు నుంచే ఉంది.

హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో చెరువు పేరుతో వెతికి, సర్వే నంబర్లున్న మ్యాప్ తీసుకోండి. మీ ప్లాటు సర్వే నంబరు అందులో ఎక్కడుందో చూడండి. నోటిఫికేషన్ ప్రాథమికమా, తుదిదా అన్నదీ గమనించండి. ప్రాథమికమైతే అభ్యంతరాల తర్వాత హద్దు మారొచ్చు. అనుమానం తీరకపోతే అడ్వాన్స్ ఇవ్వకముందే రెవెన్యూ, నీటిపారుదల శాఖల కార్యాలయాల్లో రాతపూర్వకంగా అడగండి.