సలూకీ కాపరికి మా జవాబు

గల్ఫ్‌లో ఒక అరబ్బు యజమాని తోటలో పనిచేస్తున్న మా పూర్వ విద్యార్థి, కరీంనగర్ ప్రాంతపు యువకుడు, గత నెలలో మాకొక లేఖ వ్రాశాడు. “ఉస్తాద్, నాకు రెండు వేటకుక్కలను అప్పగించారు. వాటిని తాకిన బట్టలతో నమాజు చెల్లుతుందా? విడిస్తే పిలిచినా తిరిగి రావు. అందుకే పగలంతా గొలుసుతో కట్టి ఉంచుతున్నాను. రాత్రంతా ఏడుస్తున్నాయి, మోచేతుల వద్ద పుండ్లు పడ్డాయి. యజమాని చూస్తే నా ఉద్యోగం పోతుంది” అన్నది దాని సారాంశం.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం కుక్క లాలాజలం అపవిత్రం. పొడిగా ఉన్న దాని శరీరం తగిలినంత మాత్రాన దుస్తులు అపవిత్రం కావు. చొంగ తగిలిన చోటును కడుక్కోవాలి. వేట కొరకు, పశువుల కొరకు, పంట కావలి కొరకు కుక్కను ఉంచుకునే అనుమతి హదీసులలో స్పష్టంగా ఉంది.

మమ్మల్ని కలవరపరచినది ఆ గొలుసు. అతడు పంపిన ఛాయాచిత్రం చూడగానే అవి సలూకీలని గ్రహించాము. అరబ్బీ సాహిత్యం బోధించేవారికి ఈ జాతి క్రొత్త కాదు. అబూ నువాస్ వేట పద్యాలలో వేటకుక్కల వర్ణన విస్తారంగా ఉంది. యెమెన్‌లోని సలూక్ అనే ఊరి మీదుగా ఈ పేరు వచ్చిందని ప్రాచీన నిఘంటుకారులు వ్రాశారు. బదూలు దీనిని సాధారణ కుక్కల కోవలో చేర్చక, గుడారం లోపల పడుకోనిచ్చేవారు.

సలూకీ వాసన పట్టి కాక, కంటితో చూసి తరుముతుంది. గంటకు 60 కిలోమీటర్లు మించిన వేగం దానిది. కదిలేది కంటబడిందా, ఇక పిలుపు చెవికెక్కదు. ఇది ధిక్కారం కాదు. యజమాని చూపు అందనంత దూరంలో సొంత నిర్ణయంతో జింకను వెంటాడేందుకే దానిని తరతరాలుగా పెంచారు. కొడితే ముడుచుకుపోతుంది, అసలే సున్నితమైన స్వభావం, క్రొత్తవారికి దూరంగా మసలే జీవి. అది పట్టిన వేట హలాల్ కావాలంటే తాను తినక యజమాని కొరకు పట్టి ఉంచాలి కదా! ఆ నిగ్రహం దెబ్బలతో వచ్చేది కాదు. వేట జంతువులకు నేర్పే విద్య అల్లాహ్ మనకు నేర్పినదేనని మాయిదా సూరా 4వ ఆయతు తెలుపుతున్నది.

ఒంట్లో కొవ్వు తక్కువ గనుక సిమెంటు నేల దాని ఎముకలను ఒరుసుకుంటుంది. మెత్తని పరుపు వేయాలి. ఫజ్ర్ అనంతరం, ఇసుక కాలక ముందే, ఎత్తైన కంచె లోపల విడవాలి. తిన్న వెంటనే పరుగెత్తించరాదు. లోతైన ఛాతీ గల కుక్కలలో కడుపు ఉబ్బి మెలిపడితే ప్రాణాపాయం. (ముధోల్ కుక్కను కొని బాల్కనీలో కట్టేసే మన నగరవాసుల సంగతి మరొకసారి వ్రాస్తాము.) ఇవన్నీ వ్రాసి, పుండ్ల విషయం దాచవద్దని, యజమానికి తానే చెప్పాలని అతనికి సూచించాము.

మొన్న జుమా నాడు జవాబు వచ్చింది. యజమాని గట్టిగానే మందలించాడట. అయినా మరునాడే పశువైద్యుణ్ణి పిలిపించి, కంచె ఉన్న పాత ఒంటెల దొడ్డిని వాటికి వదిలాడట. పుండ్లు మానుతున్నాయి. మగకుక్క పిలిస్తే వస్తున్నది. ఆడది మాత్రం అలసిన తరువాతనే వస్తుందట. అంతవరకు అతడు నీళ్ల గిన్నె పట్టుకొని అక్కడే నిలబడుతున్నాడు.