"బొమ్మల చదువు" అని నవ్వేవాళ్లకి ఒక మాట



మా చెల్లెలి కూతురు ఇంటర్ పాసైంది. గ్రాఫిక్ డిజైన్ చదువుతానంటోంది. మొన్న రచ్చబండ దగ్గర ఈ మాట బయటికి రాగానే ఒకటే నవ్వులు. "ఫ్లెక్సీలు వేసుకోడానికి నాలుగేళ్ల చదువెందుకు బావా?" అన్నారు. నవ్విన వాళ్లలో ఇద్దరి కొడుకులు బీటెక్ చేసి ఇంట్లోనే ఉన్నారు. ఆ మాట నేనక్కడ అనలేదు, ఇక్కడ అంటున్నా.

మీ కొట్టంలో ఉన్న పురుగుమందు డబ్బా తీయండి. దాని మీద డైమండ్ ఆకారంలో ఒక గుర్తు, కింద సగంలో రంగు ఉంటాయి. ఎరుపు అంటే అన్నిటికన్నా ఘోరమైన విషం. తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. పచ్చ రంగుదీ విషమే, కాకపోతే కాస్త తక్కువ. మనలో ఎంతమందికి తెలుసు? పచ్చ గుర్తే కదా అని చేతులు సరిగా కడుక్కోకుండా అన్నం తిన్నవాళ్లని నేను చూశా. ఇక డబ్బాతో వచ్చే కాగితం మడత విప్పితే చీమల బారే. ఎకరానికి ఎంత కొట్టాలి, కంట్లో పడితే ఏం చేయాలి, అన్నీ అందులోనే ఉంటాయి. కళ్లజోడు పెట్టుకున్నా కనపడవు. రాసినాయన రాశాడు, మన కంటికి ఆనేట్టు చేసే పని మాత్రం ఎవరూ చేయలేదు. ఆ పని పేరే గ్రాఫిక్ డిజైన్.

పైగా మన అక్షరానికి కింద ఒత్తులుంటాయి. ఇంగ్లీషు కొలతతో వరసలు పేరిస్తే పై వరస ఒత్తు వచ్చి కింది వరస తలకట్టు మీద కూర్చుంటుంది. తెలుగు చదివే మన పిల్లలు ఈ చదువుకి పోకపోతే దీన్ని సరిచేసేదెవరు?

"బాపు గారు చదివింది లా కదా, బొమ్మలు ఏ కాలేజీలో నేర్చుకున్నారు?" అని ఒకాయన అడిగాడు. బాపు లాంటివాళ్లు కోటికొకరు. వ్యవసాయం మనమూ తాతల దగ్గరే నేర్చుకున్నాం. అయినా పిల్లాడికి అగ్రికల్చర్ బీఎస్సీలో సీటొస్తే స్వీట్లు పంచట్లేదా?

అలాగని ఎకరం అమ్మి ఎక్కడపడితే అక్కడ చేర్చమనను. పిల్లని తీసుకుని ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్లొచ్చా. ఏసీ గది, కంప్యూటర్లు చూపించారు. తెలుగు అక్షరాలు నేర్పుతారా అంటే నవ్వారు. సాఫ్ట్‌వేర్ ఒక్కటే నేర్పేదానికి నాలుగేళ్ల ఫీజు కట్టకండి. ప్రభుత్వ దారులున్నాయి. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో అప్లైడ్ ఆర్ట్ బీఎఫ్ఏ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్‌కి యూసీడ్ పరీక్ష రాయాలి. మన అమరావతి ఎన్ఐడీకి వేరే పరీక్ష. ఈ రెండు పరీక్షలకీ ఇంటర్‌లో ఎంపీసీనే ఉండక్కర్లేదు, ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు.

పిల్ల చేతిలో పెన్సిల్ లాక్కునే ముందు ఆ మందు కాగితం మొదటి నుంచి చివరిదాకా పైకి చదవండి. చదవగలిగితే అప్పుడు నవ్వండి.