జరిమానా కట్టింది నేను, తప్పు చేసింది మనవడు



బొబ్బిలి మండలం పెంట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు 2025 మార్చిలో పిల్లలందరి ముందు సాష్టాంగపడి, గుంజీలు తీసిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. పిల్లలు చదువులో వెనకబడుతున్నారు, మాట వినడం లేదు, కొట్టలేం, తిట్టలేం, అందుకే శిక్ష నాకు నేనే వేసుకుంటున్నాను అన్నది ఆయన ఆవేదన. మంత్రి లోకేశ్ ఆయన్ని మెచ్చుకున్నారు. మా వీధిలో మాత్రం సగం మంది, బెత్తం తీసేశాక బడి ఇంతకన్నా ఏం బాగుపడుతుంది అన్నారు. నేను ముప్పై ఏళ్లు అంగన్‌వాడీలో పనిచేశాను. ఆ వీడియో చూసి ఏడ్చాను. అయినా మెచ్చుకున్నవాళ్లతోనూ, బెత్తం అడిగినవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నా మనవడు ఆరో తరగతి. కొడుకూ కోడలూ హైదరాబాద్‌లో కూలికి ఉంటారు. వాడు నాలుగేళ్ల వయసు నుంచీ నా దగ్గరే. నిరుడు వానాకాలంలో ఆటల్లో తోటి పిల్లవాణ్ని తోశాడు. ఆ పిల్లవాడి కళ్లజోడు కింద పడితే, మావాడి కాలి కిందే నలిగింది. బడి నుంచి ఫోనొచ్చింది. నేను వెళ్లేసరికి ఆఫీసులో లెక్క తేలిపోయి ఉంది: పన్నెండు వందలు కట్టాలి, రిజిస్టరులో సంతకం పెట్టాలి. మావాణ్ని 'సారీ' చెప్పమన్నారు. నేల చూస్తూ చెప్పాడు. ఇద్దర్నీ వేర్వేరు బెంచీల్లో కూర్చోబెట్టారు. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. ఇంటికి నడిచి వస్తుంటే వాడు అడిగాడు: "నానమ్మా, డబ్బులు కట్టీసేవు కదా, ఇంక నాకేటి నేదు కదా?"

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. తప్పుకు ఒక ధర ఉంటుందనీ, దాన్ని పెద్దవాళ్లు కట్టేస్తే తన పాత్ర ముగిసిపోతుందనీ పదకొండేళ్ల పిల్లవాడికి మేమంతా కలిసి నేర్పాం. బడిని ఒక్కదాన్నీ అనను, సంతకం పెట్టిన చెయ్యి నాదే.

మర్నాడు సాయంత్రం వాణ్ని తీసుకుని ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ పలాసలో జీడిపప్పు పనికి వెళ్తుంది. పొద్దు గూకాక వచ్చింది. జీడి సొన తగిలి తగిలి ఆమె వేళ్లు నల్లబడి, చర్మం లేచిపోయి ఉన్నాయి. మాకు మంచినీళ్లిస్తుంటే మావాడు ఆ వేళ్లకేసే చూస్తూ ఉండిపోయాడు. ఆమె ఒక్క మాట అనలేదు. కొత్త జోడు రావడానికి అయిదు రోజులు పడుతుందట, అందాకా మా గుంటడికి బోర్డు కనబడదమ్మా అంది, అంతే. కాసేపటికి మావాడు ఆ పిల్లవాడి దగ్గరికి వెళ్లి, "నాను సూసుకోనేదురా, తప్పయిపోనాది" అన్నాడు. అప్పుడు నేను అడిగాను, ఈ అయిదు రోజులూ వాడికి బోర్డు ఎవరు చదివి పెడతారని. నేనే అన్నాడు.

క్లాసు టీచరమ్మను బతిమాలి ఇద్దర్నీ ఒక బెంచీలో వేయించాను. మావాడు బోర్డు మీది అక్షరాలు మెల్లగా చదివి వినిపించాడు, నోట్సు కూడా రాసిపెట్టాడు. వాళ్లిద్దరూ ప్రాణస్నేహితులయ్యారని రాస్తే అబద్ధం అవుతుంది. నెల తిరక్కుండానే మళ్లీ కొట్టుకున్నారు. కాకపోతే ఆ కొట్లాట ఆఫీసు దాకా పోలేదు. వాళ్లే తేల్చుకున్నారు.

నా మాట ఇదే. బెత్తంతో కొట్టినా, తల్లిదండ్రుల చేత జరిమానా కట్టించినా, గురువు తానే గుంజీలు తీసినా పిల్లవాడికి చేయడానికేమీ మిగలదు. ఒకదాంట్లో దెబ్బలు తింటాడు, ఒకదాంట్లో తప్పించుకుంటాడు, ఒకదాంట్లో చూస్తూ నిలబడతాడు. పాడైనదాన్ని తన చేతులతో బాగుచేసే అవకాశం మాత్రం దేంట్లోనూ రాదు. బెత్తం సంగతి ఎలాగూ తేలిపోయింది: 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ చట్టం సరైనదేనని నా నమ్మకం. నా చిన్నప్పుడు మాస్టారి బెత్తం నాకు నేర్పింది అబద్ధం ఆడడం ఒక్కటే. కానీ బెత్తం తీసేసిన చోట ఏం పెట్టాలో మనం గట్టిగా ఆలోచించలేదు. ఆ ఖాళీలోనే ఒక పెద్దమనిషి పిల్లల ముందు సాష్టాంగపడవలసి వచ్చింది. ఆయన మీద నాకున్నది గౌరవమే. అయితే ఏ బడిలోనైనా, గురువు కంట నీరు చూసిన పిల్లలకు మర్నాడు పొద్దున చేయడానికి ఒక పని దొరకాలి. లేకపోతే ఆ కన్నీళ్లు వృథా.

అలాంటి పని చూపించే దారి ఒకటి ఉంది. న్యూజిలాండ్‌లో 1989లో ఒక చట్టం చేశారు. నేరం చేసిన పిల్లల విషయంలో వాళ్ల కుటుంబాన్నీ, నష్టపోయినవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టి, జరిగినదాన్ని ఎలా సరిచేయాలో మాట్లాడిస్తారు. అక్కడి మావోరీ తెగల ఆచారం నుంచి తీసుకున్న పద్ధతి అది. రచ్చబండ ఎరిగిన మనకు ఇది మరీ కొత్తగా ఉండనక్కరలేదు. కాకపోతే మన రచ్చబండ దగ్గర పిల్లలకు నోరు ఉండేది కాదు.

అవతలివాడి ముందుకు వెళ్లాలంటే ముందు వాడి ఇల్లు తెలియాలి. మా వీధిలో పొద్దున్నే మూడు బళ్ల వ్యాన్లు వస్తాయి. ఒకే వీధి పిల్లలు మూడు రంగుల యూనిఫారాల్లో మూడు దిక్కులకు పోతారు. ఏడు పెంకులాట ఆడాలన్నా రెండు జట్లకు సరిపడా పిల్లలు దొరకరు. ఒకప్పుడు పరాయి పిల్లలకూ ఊళ్లో ఇళ్లు తెలిసేవి. గాయకుడు ఘంటసాల విజయనగరం సంగీత కళాశాలలో చదువుకునే రోజుల్లో మధుకరం ఎత్తి, అంటే ఇంటింటా అన్నం అడిగి, కడుపు నింపుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయన్ని చేరదీసి, డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరను. చదువుకునే పిల్లవాడు ఆకలితో గడప గడపా తిరగడం మంచి కాలం లక్షణం కాదు. ఏ కులం పిల్లవాడికి ఏ గడప తెరుచుకునేదో కూడా నాకు తెలుసు. కానీ పరాయి పిల్లవాడు పక్కన కూర్చుని అన్నం తింటుంటే ఆ ఇంటి పిల్లలు చూసి నేర్చుకున్నది ఒకటి ఉంటుంది. అది ఏ వాచకంలోనూ లేదు.

ఇంకొక మాట, మన ఉత్తరాంధ్ర యాస గురించి. ఆఫీసులో చెప్పిన 'సారీ'కి మావాడి గొంతులో ప్రాణం లేదు. 'తప్పయిపోనాది' అన్నప్పుడు వాడి గొంతు వణికింది. ఆ మాట మన నేల మాట. బడిలో అలా మాట్లాడితే తోటి పిల్లలు నవ్వుతారు, కొందరు టీచర్లూ దిద్దుతారు. సొంత మాటకు సిగ్గుపడే పిల్లలు తగువులో నోరు విప్పరు, చెయ్యి ఎత్తుతారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర తెగ పిల్లలకు చదువు చెప్పాలని తానే సవర భాష నేర్చుకున్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసే బడుల్లోనే మన పిల్లల యాసను వెక్కిరిస్తే నాకు బాధగా ఉంటుంది.

మన జిల్లాల్లో తల్లిదండ్రులను తప్పుపట్టి ఊరుకోవడం కుదరదు. చాలా ఇళ్లలో వాళ్లు ఊళ్లోనే ఉండరు. గుజరాత్‌లోని వెరావల్ దాకా చేపల వేటకు వెళ్లి, 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్లకు చిక్కి, 2020 జనవరిలో విడుదలైన మన మత్స్యకారుల్ని తలచుకోండి. ఆ పద్నాలుగు నెలలూ వాళ్ల పిల్లల్ని సాకినవాళ్లు తల్లులూ, మాలాంటి ముసలివాళ్లూ. బడుల్లో తల్లిదండ్రులూ టీచర్లూ కలిసే మెగా సమావేశాలు 2024 డిసెంబరు 7న మొదలయ్యాయి. 2025 డిసెంబరు 5న మన భామినిలో ముఖ్యమంత్రే వచ్చి కూర్చున్నారు. మంచిదే. ఇకమీదట ఆ సమావేశాల్లో నాలాంటి నానమ్మల్ని కూడా ముందు వరసలో కూర్చోబెట్టండి. మార్కులు చెప్పాక ఇంకొక ప్రశ్న అడగండి: మీ పిల్లవాడు ఈ మూడు నెలల్లో ఎవరికి ఏం చేసిపెట్టాడు? కూలికెళ్లిన నాన్న ఫోనులో రోజూ అడిగే 'బాగా చదువుతున్నావా' పక్కన ఈ ప్రశ్న కూడా చేరితే, పిల్లవాడు జవాబు కోసమైనా ఏదో ఒకటి చేస్తాడు.

ప్రభుత్వం శనివారాన్ని పుస్తకాల సంచి లేని రోజు అంది. ఆ పూట తగువులు తీర్చుకోవడానికి ఒక గంట కేటాయించమని ఉపాధ్యాయులను వేడుకుంటున్నాను. చింపిన పుస్తకానికి అట్ట వేయించండి, ఏడిపించిన చిన్న తరగతి పిల్లకు లెక్క చెప్పించండి, విరిచిన మొక్క చోట కొత్తది నాటించి దసరా దాకా నీళ్లు పోయించండి. ఒక్కటి మాత్రం చేయకండి. ఊడవడం, మరుగుదొడ్లు కడగడం శిక్షగా వేయకండి. ఆ పని చివరికి ఏ వాడ పిల్లల చేతికి వెళ్తుందో ఈ ఊళ్లల్లో పుట్టినవాళ్లందరికీ తెలుసు. ఆ పనితో బతికే తల్లుల పిల్లలు అదే గదిలో కూర్చుని వింటుంటారు.

వచ్చే సమావేశానికి నేను వెళ్తాను. జీడిపప్పు పనికి వెళ్లే ఆ తల్లికి ఆ రోజు కూలి పోతుంది, రాలేనంది. ఆమె తరఫున కూడా ఇవన్నీ నేనే అడుగుతాను.

ఇట్లు,
పలాస దగ్గరి పల్లె నుంచి ఒక నానమ్మ