ముసలి పల్లెకు కొత్త గురువు

ఇటలీలో 1964లో పది లక్షల మందికి పైగా పిల్లలు పుట్టారు. 2024లో పుట్టినవారు 3.70 లక్షలే. ఆ ఏడాది కన్నుమూసినవారు ఆరున్నర లక్షలు. ఒక్కో స్త్రీకి సగటున 1.18 మంది పిల్లలు. బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడుతున్నవారే లేకుంటే ఆ దేశ జనాభా ఇంకా వేగంగా తరిగిపోయేది. దక్షిణాది కుర్రకారు చదువు కాగానే మిలాన్‌కో జర్మనీకో వెళ్లిపోతున్నారు. సిసిలీలో సాలెమి, సంబూకా వంటి ఊళ్లు పాడుబడ్డ ఇళ్లను ఒక్క యూరో ధరకు బేరం పెట్టాయి.

ఎవరైనా పోతే పేరు, వయసు, అంత్యక్రియల పూజ వేళ అచ్చువేసి వీధి గోడలకు అంటించడం ఆ పల్లెల ఆచారం. జ్ఞానస్నానానికి పసిబిడ్డ లేక నెలలు గడిచే ఊళ్లలోనూ ఆ కాగితాలు మాత్రం మారుతూనే ఉంటాయి. ఊరికో క్యాథలిక్ గురువు ఉండే రోజులూ పోయాయి. ఒక్కరే మూడు నాలుగు విచారణలు (పారిష్‌లు) చూసుకుంటూ, ఆదివారం ఒక గుడిలో పూజ ముగించి కారెక్కి మరో ఊరికి పరుగెత్తాలి. అలా పరుగెత్తేవారిలో ఇప్పుడు ఆఫ్రికా గురువులున్నారు, మన తెలుగు గురువులూ ఉన్నారు.

ఒకప్పుడు ఈ దారి ఇటువైపు నడిచింది. 1850లో మిలాన్‌లో మొదలై తర్వాత పీమే అని పేరుపడ్డ సంస్థ గురువులు 1855లోనే హైదరాబాద్ చేరారు. అక్కడి నుంచి కృష్ణా తీరానికి, వరంగల్‌కు వెళ్లి బళ్లు, ఆస్పత్రులు కట్టారు. గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథడ్రల్‌లో మోగే గంటలు ఇటలీ నుంచి వచ్చినవే. ఆ హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ 2022లో కార్డినల్ అయ్యారు. ఆఫ్రికా కోసం మీ గురువులను కొంతకాలం ఇవ్వండని పన్నెండో పయస్ పోపు 1957లో ‘ఫిదేయీ దోనుమ్’ లేఖలో పీఠాలను అడిగారు. నేడు అదే పద్ధతిలో ఆఫ్రికా, ఆసియా గురువులు ఇటలీకి వెళ్తున్నారు.

దీన్ని మన గెలుపని చెప్పుకునేవారు కనిపిస్తారు. అది తప్పు. ఎందరు కొత్తగా చేరారన్నదే మిషన్ పనికి కొలత అయితే, మనుషులే తగ్గిపోతున్న పల్లెలో ఆ పనికి చోటే లేదు. ఎనభై ఏళ్లు దాటిన ఒంటరి అవ్వ ఇంటికి సత్ప్రసాదం తీసుకెళ్లి, టురిన్‌లో ఉన్న కొడుకు గురించి ఆమె చెప్పిందే మళ్లీ చెబుతుంటే కూర్చుని వినడం కూడా సువార్తే. నా మటుకు, ఇప్పుడు అన్నింటికన్నా ముందు జరగవలసిన సువార్త పని అదే.

మనకూ ఇది పరాయి కథ కాదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ సంతాన సగటు 1.7కు దిగింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికలకు అనర్హులన్న నిబంధనను రాష్ట్రం 2024లో ఎత్తేసింది. పిల్లలు విదేశాల్లో, తల్లిదండ్రులు తలుపులు వేసుకున్న ఇళ్లలో ఒంటరిగా ఉండటం కోస్తా పల్లెల్లోనూ చూస్తున్నాం.

మన పీఠాధిపతులకు ఒక మనవి. ఇటలీలో ఖాళీ పూరించడానికని ఎవరినీ హడావుడిగా విమానం ఎక్కించకండి. పూజ పుస్తకం చదివేంత భాష చాలదు, ఆ ఊరి ముసలివాళ్ల యాస అర్థమయ్యేదాకా నేర్పించి పంపండి. ఇక్కడి విచారణల్లో ఒంటరిగా మిగిలిన పెద్దల ఇళ్లకు వారానికోసారైనా ఎవరో ఒకరు వెళ్లేలా ఇప్పటి నుంచే ఏర్పాటు చేయండి.